ఊసరవెల్లి కూర్చున్న పీట

అనగనగా అన్నానని మరీ పాతకాలం అనుకోకండి పిల్లలూ, మొన్నమొన్నటి సంగతే. ఏటి ఒడ్డున ఒక అడవి. ఆ అడవిలో, పాత పుట్టలో, గవరమ్మ అనే ముంగిస తన ముగ్గురు పిల్లలతో కాపురం ఉండేది.

తొలకరి వానలకి ఆ ముగ్గురికీ జ్వరం తగులుకుంది. గవరమ్మ పరుగు పరుగున వైద్యుడి దగ్గరికి వెళ్లింది. వైద్యుడంటే భల్లయ్య, ముసలి ఎలుగుబంటి. ఆయనేమో తల పట్టుకుని కూర్చున్నాడు.

"మందు దినుసులు ఉన్నాయి తల్లీ, నూరే రాయే లేదు. ఉన్న రాయి కాస్తా కరక్కాయ నూరుతుంటే రెండు ముక్కలైంది. వేరే ఏ రాయితో నూరినా పెచ్చులూడి మందులో ఇసుక పడుతోంది. జేడు రాయి అని ఒకటుంది, అది పగలదు. అది తెచ్చావంటే ఈ పూటే మందు ఇస్తాను," అన్నాడు.

"అదెలా ఉంటుంది తాతా?"

"పచ్చగా ఉంటుందంటారు. కానీ ఆ మాట పట్టుకుని పోకు. మనకి ఆకూ పచ్చే, పసుపూ పచ్చే. నువ్వు చేత్తో చూడు. పట్టుకుంటే చల్లగా ఉండాలి, ఆ చల్లదనం చప్పున పోకూడదు. ఎత్తితే అనుకున్నదానికంటే బరువుండాలి. ఇనుముతో గీస్తే గీత పడకూడదు."

అలా చెప్పి, ఎద్దు నాడా నుంచి ఊడిపడిన ఇనుప మేకు ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

ఏటి ఒడ్డున నేరేడు నీడలో రాళ్ల కొట్టు ఉంది. కొట్టుగల ఆసామి రంగనాథం, ఊసరవెల్లి. తుప్పు రంగు గుండ్రాయి ఒకటి పీటగా వేసుకుని, దర్జాగా కూర్చుని ఉంటాడు. బేరం రాగానే ఒళ్లంతా ఆకుపచ్చ చేసుకుంటాడు. ఆయన పక్కన పెడితే ఏ రాయైనా పచ్చగానే కనిపిస్తుంది మరి.

"జేడు కావాలా అక్కా? మూడున్నాయి. ఏది తీసుకున్నా బదులు ఒక్కటే, నీ పుట్ట ఇచ్చెయ్. మా ఆవిడ గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటోంది," అన్నాడు.

గవరమ్మ వెనక్కి తిరిగి పుట్ట వైపు చూసింది. జ్వరంతో ఉన్న పిల్లల్ని వానలో ఎక్కడ పడుకోబెట్టాలి? కానీ మందు లేకపోతే ఎలా?

"సరే తమ్ముడూ. పిల్లలకి జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది, మందు నూరడానికి కావాలి. చూసి మరీ తీసుకుంటాను," అంది.

మొదటి రాయి చిలకపచ్చగా తళతళలాడుతోంది. చూడగానే గవరమ్మకి ప్రాణం లేచొచ్చింది. అరచేతిలో పట్టుకుంది. కాసేపటికే వెచ్చబడిపోయింది. వెలుగుకి పెట్టి చూస్తే లోపల బుడగలు.

"ఇది సీసా పెంకు తమ్ముడూ. ఏట్లో దొర్లి నునుపు తేలింది," అంది.

రెండోది ఎత్తి చూసింది. తేలికగా లేచింది. పైగా తడి చేత్తో పట్టుకుందేమో, చేతికి పచ్చరంగు అంటుకుంది. అది ఆకు పసరు పూసిన రాయి.

మూడోది చల్లగానే ఉంది. బరువు కూడా ఫర్వాలేదనిపించింది. మేకుతో గీసింది. గీత పడి తెల్లటి పొడి రాలింది.

"గీతదేముంది అక్కా, పచ్చగా ఉందా లేదా? అవతల పిల్లలకి ఒళ్లు కాలిపోతోందంటున్నావు, పట్టుకుపో," అన్నాడు రంగనాథం.

గవరమ్మ మనసు ఊగిసలాడింది. ఔననడానికి నోరు తెరిచింది కూడా. కానీ ఇంత మెత్తని రాయి కరక్కాయకి ఆగుతుందా? ఆ పొడంతా పిల్లల కడుపులోకే పోతుందని భయం వేసింది.

"వద్దు తమ్ముడూ," అని నీరసంగా చతికిలబడింది. పడిపోకుండా పక్కనున్న పీట మీద చెయ్యి ఆనించింది.

చెయ్యి జిల్లుమంది.

అలాగే ఉంచి చూసింది. ఎంతసేపున్నా చల్లగానే ఉంది. రంగనాథాన్ని లేవమని, పీటని ఎత్తబోయింది. అంత రాయికి అంత బరువా అని ఆశ్చర్యపోయింది. మేకుతో గట్టిగా గీసింది. గీత కనిపించింది.

"చూశావా, గీత పడింది," అని రంగనాథం పకపక నవ్వాడు.

గవరమ్మ వేలితో తుడిచింది. గీత చెరిగిపోయింది. అది రాయి మీద అంటుకున్న ఇనుప మరక. అరిగింది మేకే.

"జేడు ఇదే తమ్ముడూ. దీనికేం కావాలో అడుగు," అంది.

"ఆ తుప్పు బండా? ఆరేళ్లుగా దాని మీద కూర్చుంటున్నాను, నాకు తెలియదా? నీ పుట్ట నువ్వే ఉంచుకో. నాలుగు మిడతలు పట్టిచ్చి దొర్లించుకుపో," అన్నాడు.

ఆమె నాలుగు కాదు, ఎనిమిది మిడతలు పట్టిచ్చింది. ఆ పూటే మందు తయారైంది. పిల్లలు మొహాలు వికారంగా పెట్టి మింగారు. మూడో రోజుకి పుట్ట చుట్టూ గెంతుతున్నారు.

నెల తిరిగేసరికి రంగనాథానికి దగ్గు పట్టుకుంది. మందుకని భల్లయ్య దగ్గరికి వచ్చి నోరు తెరిచి ఉండిపోయాడు. నూరగా నూరగా రాయి మీది తుప్పు రంగు అరిగి, లోపల లేత తమలపాకు పచ్చదనం బయటపడింది.

"ఇంత మంచి రాయి ఎక్కడ దొరికింది తాతా?"

"నీ కిందే నాయనా," అన్నాడు భల్లయ్య.

రంగనాథం మొహం దాచుకోవడానికి ఎర్రబడ్డాడు, పసుపుపచ్చబడ్డాడు, ఆకుపచ్చబడ్డాడు. ఏ రంగులోకి మారితే సిగ్గు కనిపించదో ఆయనకి తోచలేదు. చివరికి ఏ రంగూ లేకుండా కూర్చుని మందు తాగాడు.

నీతి: కంటికి నచ్చింది కదా అని దేన్నీ మంచిదనుకోకూడదు, స్వయంగా పరీక్షించి చూశాకే నమ్మాలి.