మలుపు దగ్గర ఆగిన పాట

తుమ్మికోన అనే అడవిలో దుప్పులు, కుందేళ్లు, ఎలుగుబంట్లు, కొండముచ్చులు, రకరకాల పక్షులు ఉండేవి. ఒక వేసవిలో ఆ అడవికి నిప్పంటుకుంది. మూడు రోజులు మండింది. వాన పడి ఆరేసరికి తూర్పు వాలంతా బొగ్గయిపోయింది. అక్కడ ఉండేవాళ్లలో సగం మంది తిరిగి రాలేదు.

మరిడయ్య అనే కొండముచ్చు ఆ మంటల్లో తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. తమ్ముడి పేరు సింగడు. పోలమ్మ అనే ఎలుగుబంటి తన ఒక్కగానొక్క పిల్లను పోగొట్టుకుంది.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. పోయినవాళ్లకు ఏడాది నిండిన రోజున అందరూ ఒకచోట చేరి సాగనంపు పాట వింటారు. పాట చివర్లో ఎవరి ఆత్మీయుల పేరు వాళ్లు పలుకుతారు. ఆ పాట మొత్తం తెలిసింది నరసవ్వ అనే ముసలి గోరింకకు ఒక్కతెకే. పొగ మింగి ఆమె గొంతు పాడైపోయింది. రోజుకు ఒక ముక్క కూనిరాగం తీస్తే చాలు, ఆయాసం వచ్చేది.

మంటలు చూసి పారిపోయిన మనుషులెవరో వాగు ఒడ్డున బండమీద ఒక గిటారు వదిలేసి వెళ్లారు. నరసవ్వ చిన్నప్పుడు ఊళ్లో ఒక ఇంటి చూరులో ఉండేది. గిటారు తీగల్ని ఒక చేత్తో నొక్కి రెండో చేత్తో మీటడం ఆ ఇంట్లో చూసింది, అంతవరకే ఆమెకు తెలుసు. ఎవరైనా పాటను ఆ గిటారు మీద నేర్చుకోమని, లేకపోతే అది తనతోనే పోతుందని ఆమె అందరినీ అడిగింది. మరిడయ్య, పోలమ్మ ముందుకొచ్చారు.

"ఒక భాగం చేతికొస్తేనే తరవాతి భాగం చెబుతాను. రెండోసారి చెప్పే ఊపిరి నాకు లేదు," అంది నరసవ్వ.

మరిడయ్యవి పొడవైన వేళ్లు. పాట మొదటి భాగం నాలుగు రోజుల్లో పట్టేశాడు. వేళ్ల కొసలు బొబ్బలెక్కినా లెక్కచేయలేదు. కుందేళ్లు చుట్టూ చేరి వినేవి. తమ్ముడు పోయిన దగ్గర్నుంచి అతనితో ఎవరూ సరిగా మాట్లాడలేదు. ఏం మాట్లాడాలో వాళ్లకు తెలియదు. ఇప్పుడు అందరూ పేరు పెట్టి పిలుస్తుంటే అతనికి కడుపు నిండినట్టుండేది.

మొదటి భాగం తరవాత ఒక మలుపుంది. అక్కడ రాగం ఒక్కసారిగా పైకెక్కుతుంది. పై స్వరం అందుకోవాలంటే వేళ్లన్నీ ఒకేసారి లేచి వేరేచోట వాలాలి. అక్కడికి వచ్చేసరికి మరిడయ్య చేయి తడబడేది. తడబడగానే మళ్లీ మొదటికి వెళ్లి, వచ్చిన భాగాన్నే ఇంకాస్త వేగంగా, ఇంకాస్త ముచ్చటగా వాయించేవాడు.

"మొదలు బాగానే ఉంది నాయనా. దాన్ని వదిలెయ్. మలుపు ఒక్కటే వాయించు," అంది నరసవ్వ.

వాయించగా వాయించగా అదే వస్తుందని మరిడయ్య అన్నాడు. కానీ మలుపు వాయిస్తే కుందేళ్లు వినవు, లేచిపోతాయి. అది అతనికి భయం.

పొద్దున్న గిటారు మరిడయ్యది, మధ్యాహ్నం పోలమ్మది. పోలమ్మవి మొద్దు చేతులు. తీగ నొక్కబోతే గోళ్లు అడ్డొచ్చి బరబరమనేది. ఆమె రెండు రోజులు ఆలోచించి, ఎడమచేతి గోళ్లను బండకేసి రుద్ది అరగదీసుకుంది. దాంతో ఆ చేత్తో చెదపుట్టలు తవ్వుకోవడం పోయింది. సగం ఆకలితోనే ఉండేది.

మొదటి భాగానికి ఆమెకు రెండు నెలలు పట్టింది. మలుపు దగ్గర ఇంకా కష్టమైంది. మలుపుకు ముందున్న స్వరం, తరవాతి స్వరం, ఆ రెండే వాయించేది. నత్త నడిచినంత మెల్లగా వాయించేది. తప్పు పడితే ఆగి, వేలు ఎక్కడ తప్పిందో చూసుకుని మళ్లీ ఆ రెండే. ఆ టింగు టింగు భరించలేక దుప్పులు వాగు దాటి దూరంగా మేసేవి. మరిడయ్య కొమ్మమీద కూర్చుని నవ్వుకునేవాడు. అతని నవ్వుల్ని ఆమె పట్టించుకోలేదు. ఆ రెండు స్వరాలు వాయిస్తున్నంతసేపూ పిల్ల గుర్తొచ్చినా ఆమె చేతులకు చెయ్యడానికి ఒక పనుండేది.

శీతాకాలం పోయింది. ఒకరోజు ఆ రెండు స్వరాలు కలిశాయి. నరసవ్వ ఆమెను దగ్గరికి పిలిచి మిగిలిన పాట చెవిలో చెప్పింది. మరిడయ్యకు మాత్రం చెప్పలేదు.

ఏడాది నిండిన రోజు వచ్చింది. అందరూ కాలిన వాలు కింద చేరారు. ముందు తానే వాయిస్తానని మరిడయ్య పట్టుబట్టాడు. సింగడికి అన్న వాయించకపోతే ఎవరు వాయిస్తారని అడిగాడు. కాదనలేక గిటారు అతని చేతికే ఇచ్చారు.

మొదటి భాగం గలగలా సాగింది. మలుపు దగ్గర చేయి తడబడింది. మళ్లీ మొదటికి వెళ్లాడు. మళ్లీ అక్కడే తడబడింది. మూడోసారి తీగ వికృతంగా కూసింది. పిల్లను పోగొట్టుకున్న ఒక దుప్పి తల పక్కకు తిప్పుకుంది. మరిడయ్య గిటారు కింద పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా బండల వెనక్కి వెళ్లిపోయాడు.

పోలమ్మ గిటారు తీసుకుంది. ఒకచోట ఒక స్వరం తప్పింది కూడా, కానీ ఆమె ఆగలేదు. మలుపు దాటింది. పేర్లు వచ్చే చోటికి చేరింది. ఒక్కొక్కరూ లేచి పోయినవాళ్ల పేరు పలికారు. పోలమ్మ తన పిల్ల పేరు పలికింది. చివరికి సింగడి వంతు వచ్చింది. పలకాల్సినవాడు అక్కడ లేడు.

బండల వెనక మరిడయ్య అంతా విన్నాడు. లేచి పరుగెత్తుకు రావాలనుకున్నాడు. సిగ్గు కాళ్లకు అడ్డం పడింది. పోలమ్మ ఒక్క తీగనే మీటుతూ చాలాసేపు ఎదురుచూసింది. తరవాత పాట ముగించింది. ఆ పేరు ఎవరూ పలకలేదు.

వారం తరవాత ధైర్యం కూడగట్టుకుని మరిడయ్య నరసవ్వ దగ్గరికి వెళ్లాడు. ముందురోజే ఆమె కన్నుమూసిందని గోరింకలు చెప్పాయి.

ఆ తరవాత ఏ అడవిలో ఎవరు పోయినా పాట వాయించమని పోలమ్మకు కబురొచ్చేది. పుట్టలు సరిగా తవ్వుకోలేని ఆమెకు అందరూ తేనె తెచ్చి పెట్టేవారు. వాన వెలిసిన ఒక మధ్యాహ్నం మరిడయ్య ఆమె ఎదుట వచ్చి నిలబడ్డాడు.

"మళ్లీ ఎప్పుడు పలకొచ్చు వాడి పేరు?" అని అడిగాడు.

"వచ్చే ఏడు, అదే రోజున," అంది పోలమ్మ.

ఆమె గిటారును అతని ఒడిలో పెట్టింది. అలవాటుగా అతని వేళ్లు మొదటి భాగం వైపు పోయాయి. పోలమ్మ తన అరిగిన గోళ్ల చేతిని ఆ వేళ్లమీద ఉంచి ఆపింది. మరిడయ్య తలదించుకుని మలుపు దగ్గరి రెండు స్వరాలు మీటాడు. కలవలేదు. మళ్లీ మీటాడు. చుట్టుపక్కల మేస్తున్న దుప్పులు ఒక్కొక్కటే దూరంగా వెళ్లిపోయాయి. అతను తలెత్తి చూడలేదు.

నీతి: వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ చేసి మురిసిపోతే విద్య అక్కడే ఆగిపోతుంది, రానిచోట ఓపికగా కూర్చున్నవారికే అది ముందుకు సాగుతుంది.