చూరులో బల్లి చెప్పిన నిజం

ఒకప్పుడు బల్లికి మనలాగే మాటలొచ్చేవి. పుట్టినప్పుడున్న తోకే చచ్చేదాకా ఉండేది. ఆ బల్లి ఆడే మాటల్లో సగం మాత్రం అబద్ధాలే.

"పైడీ, నీ జడలో తేలు!" అనేది. పైడి ఎగిరి గంతేస్తే పడీ పడీ నవ్వేది.

పైడికి ఎనిమిదేళ్ళు. బుట్టలల్లే నూకాలు కూతురు. అడవి అంచున ఒంటి గుడిసె వాళ్ళది. ఉయ్యాల్లో తమ్ముడు, చూరులో బల్లి. ఇంకెవరూ లేరు.

ఆ అడవిలో గొంతుమింగి అనే భూతం ఉండేది. అది మనిషిని పేరు పెట్టి పిలిచేది. "ఆఁ" అని పలికితే చాలు, ఆ గొంతు దాని కడుపులోకి పోయేది. తర్వాత ఆ గొంతుతోనే ఇంటికొచ్చి, తలుపు తీసినవాళ్ళను తినేసేది. దాన్ని పట్టిచ్చేవి దాని పాదాలే. మడమలు ముందుకీ, వేళ్ళు వెనక్కీ ఉండేవి.

అందుకే నూకాలు గుమ్మం ముందు, చూరు కింద, ఒక బండా నీళ్ళకుండా పెట్టింది. ఎవరొచ్చినా ఆ బండ మీద కాళ్ళు కడుక్కోవాలి. తడి అడుగులు ఎటు తిరిగి ఉన్నాయో చూశాకే తలుపు తీయాలి. లోపలినుంచి చూడగలిగేది చూరు సందులోని బల్లి ఒక్కటే.

ఒకరోజు నూకాలు వెదురు కోసం బయల్దేరింది.

"ఎవరు పిలిచినా పలక్కు. నేను పిలిచినా సరే. పాదాలెలా ఉన్నాయో బల్లిని అడుగు."

"అది అబద్ధాల పుట్ట అమ్మా!"

"ఈ ఒక్క విషయంలో ఆడదులే. ఏమే బల్లీ?"

"ఆడను. నా తోక మీద ఒట్టు," అంది బల్లి.

మధ్యాహ్నానికి వాన అందుకుంది. తమ్ముడు ఏడుపు మొదలుపెట్టాడు.

"పైడీ!"

అమ్మ గొంతు. పైడి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"తడిసి ముద్దయ్యానే. తలుపు తియ్యి తల్లీ."

బండ మీద నీళ్ళు పోసుకున్న చప్పుడైంది. పైడి చూరుకేసి చూసి, పాదాలు చూడమని సైగ చేసింది. బల్లి సందులోంచి తల పెట్టింది. అలాగే బిగుసుకుపోయింది.

"తియ్యకే పైడీ," అంది గుసగుసగా. "మడమలు మనవైపున్నాయి."

"పొద్దున తేలన్నావు. అదీ అబద్ధమేగా?"

"ఇది నిజమే. తోక మీద ఒట్టు!"

బయట అమ్మ గొంతు జోలపాట ఎత్తుకుంది. తమ్ముడికి రోజూ పాడే జోలే. ఏడుస్తున్నవాడు టక్కున ఆపి, తలుపుకేసి చూసి నవ్వాడు.

పసివాడికి తెలిసిన అమ్మను నేను గుర్తుపట్టలేనా అనుకుంది పైడి. గడియ మీద చెయ్యి వేసింది.

"తియ్యకే!" అని అరిచింది బల్లి.

జోల ఆగింది.

"ఓ బల్లీ!" అంది బయటిది, మెత్తగా.

బల్లిది పిలిస్తే ఊరుకోలేని నోరు.

"ఆఁ!" అంది.

అంతే. నోరు తెరుచుకునే ఉంది. మాట మాత్రం లేదు.

"తియ్యవే పైడీ, సరదాకన్నాను," అంది బయటినుంచి బల్లి గొంతు.

పైడి తలెత్తి చూసింది. బల్లి చూరులోనే ఉంది, పెదవి కదలడం లేదు. గడియ మీది చెయ్యి వెనక్కి తీసుకుంది.

చూరు గడ్డి చీల్చుకుని పొడుగాటి చెయ్యి లోపలికొచ్చింది. బల్లిని తోక పట్టుకుని లాగింది. బల్లి గోళ్ళతో వాసాన్ని కరుచుకుంది. చెయ్యి వదల్లేదు. బల్లి ఒక్క విదిలింపుతో తోకే వదిలేసింది.

తెగిన తోక ఆ చేతిలో గిలగిల కొట్టుకుంది. బల్లే చిక్కిందనుకుని గొంతుమింగి దాన్ని నోట్లో వేసుకుంది. తోక గొంతులో అడ్డంపడి పైకీ కిందికీ తన్నుకోసాగింది. బయట దగ్గు వినిపించింది. అమ్మ గొంతుతో దగ్గు. తర్వాత బల్లి గొంతుతో. ఆ తర్వాత ఎవరెవరో ముసలివాళ్ళ గొంతులు, పసిపిల్లల గొంతులు. అన్నీ దగ్గుకుంటూ అడవిలోకి పోయాయి.

వాన వెలిశాక తలుపు చప్పుడైంది. బండ మీద నీళ్ళు పోసుకున్న చప్పుడైంది. ఈసారి ఎవరూ పిలవలేదు.

పైడి చూరుకేసి చూసింది. "బల్లీ, ఎవరే?"

రక్తం కారుతున్న మొండితో బల్లి సందు దగ్గరికి పాకింది. చాలాసేపు చూసింది. గొంతు పోయింది గానీ నాలుక ఉందిగా. తియ్యమన్నట్టు తలూపింది.

చిక్. చిక్. చిక్.

పైడి దాని మొండి తోక చూసింది. ఒట్టు పెట్టిన తోక. వేలితో గోడ తట్టి, "సత్యం," అంది. గడియ తీసింది.

ఎదురుగా నూకాలు. నెత్తిన వెదురు మోపు, బండ మీద తిన్నని అడుగులు. కూతుర్ని చూసి నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

అడవిలో నిన్నెవరు పిలిచారని పైడి అడగలేదు. తమ్ముడికి ఆ రోజునుంచి జోల తనే పాడింది.

అప్పటినుంచే బల్లి, పట్టుకుంటే తోక వదిలేసి పోతుంది. తెగిన తోక ఇంకా ఆ గొంతులోనే ఉన్నట్టు తన్నుకుంటుంది. అప్పటినుంచే బల్లికి చిక్ చిక్ తప్ప వేరే మాట లేదు. అది పలికితే మాత్రం పెద్దవాళ్ళు చేస్తున్న పని ఆపి, వేలితో తట్టి, "సత్యం" అంటారు.