ఆఖరి పుటలో దైవనామం

గలిలయ కొండల్లోని యూదుల ఊరు సఫెద్‌లో రబ్బీ అవిగ్దోర్ అనే గురువు ఉండేవాడు. ప్రశ్న అడిగినవాణ్ణి ఏదో ఒక పని మీద పంపించడం ఆయన అలవాటు. జవాబు కోసం వచ్చినవాడు కాస్తా ఏ బావి దగ్గరో, ఏ కొలిమి దగ్గరో తేలేవాడు. అందుకని శిష్యులు ఆయన్ని ఆచితూచి అడిగేవారు.

నఫ్తాలి అనే శిష్యుడికి మాత్రం ఆ జంకు లేదు. ధ్యానంలో తనను మించినవాడు లేడని అతనికి గట్టి నమ్మకం. నిజం చెప్పాలంటే మిగతా శిష్యులకూ అదే నమ్మకం. రెండేళ్ళుగా రోజూ తెల్లవారుతూనే గోడకు ఎదురుగా కూర్చుని, దైవనామంలోని నాలుగు అక్షరాలను కళ్ళ ముందు నిలుపుకునేవాడు. ఒకరోజు గురువు దగ్గరికి వచ్చి అడిగాడు:

“గురువుగారూ, అక్షరాలు వెలుగుతూ ఎదుట నిలుస్తున్నాయి. లోకం మీద లోకం ఎక్కి పైదాకా చూసి వస్తున్నాను. మీరు చెప్పిన దైవభయం మాత్రం రావడం లేదు. ఇంకా ఎంత పైకి ఎక్కాలి?”

“మీ నాన్న రాత ఎందాకా వచ్చింది?” అన్నాడు గురువు.

“ఆఖరి పుటలో ఆఖరి వరసలు. రేపు పొద్దున అయిపోతుంది.”

“అయితే రేపు ధ్యానం మానేసి ఆయన పక్కన కూర్చో.”

నఫ్తాలి మొహం మాడిపోయింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పనిలో కొత్తగా చూసేదేముంది? అతని తండ్రి జెరహ్యా నలభై ఏళ్ళుగా ఆ ఊరికి ధర్మశాస్త్ర గ్రంథాలు రాసే లేఖకుడు. ఇప్పుడాయన కళ్ళకు పొరలు కమ్ముతున్నాయి. ఏడాదిన్నరగా తోలు పుటల మీద రాస్తున్న ఈ గ్రంథమే ఆయన చేతి నుంచి వచ్చే ఆఖరిదని ఊరందరికీ తెలుసు. దాన్ని పూర్తిచేసి, తన చేతులతోనే ప్రార్థనామందిరానికి మోసుకెళ్ళాలన్నదొక్కటే ఆ ముసలాయనకు మిగిలిన కోరిక.

మర్నాడు పొద్దున్నే గ్రంథాన్ని ఊరేగించడానికి జనం పట్టు పందిరి పట్టుకుని ఇంటి ముందు నిలబడ్డారు. డప్పులు మోగుతున్నాయి. లోపల జెరహ్యా స్నానం చేసి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. దైవనామం వచ్చిన ప్రతిచోటా లేఖకుడు ఆగాలి. ఈ నామాన్ని దాని పవిత్రత కోసమే రాస్తున్నానని మనసు నిలిపి పైకి పలికి, అప్పుడు రాయాలి. మనసు పెట్టకుండా రాస్తే ఆ పుట చెల్లదు. దైవనామాన్ని చెరపకూడదు గనక దిద్దడానికీ వీల్లేదు. పుట మొత్తాన్నీ మట్టిలో పాతిపెట్టవలసిందే.

జెరహ్యా ఆగాడు, పలికాడు, రాశాడు. నాలుగు అక్షరాలూ ముత్యాల్లా వచ్చాయి. నఫ్తాలి ఛాతీ పొంగింది. అంతలో ముసలాయన రాసే ఈకను పక్కన పెట్టేశాడు.

“పలికింది నోరే, నాయనా. మనసు ఆ డప్పుల వెంట పోయింది. గ్రంథం ఎత్తుకుని నడుస్తున్నట్టు నన్ను నేనే చూసుకుంటున్నాను.”

కొత్త పుట రాయాలంటే ఇంకో నెల పడుతుంది. ఆ కళ్ళు నెల ఆగుతాయో లేదో ఎవరికీ తెలియదు.

“ఎవరు చూశారు నాన్నా?” అన్నాడు గొంతు తగ్గించి. “అక్షరాల్లో వంక పెట్టేదేం లేదు. మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?”

జెరహ్యా కొడుకు వైపు ఒక్కసారి చూసి, గోడ పట్టుకుని లేచి గుమ్మంలోకి వెళ్ళాడు. గదిలో నఫ్తాలి మిగిలాడు, బల్ల మీద ఆ నామం మిగిలింది. తన నోటి నుంచి వచ్చిన మాట అతనికి అప్పుడు వినిపించింది. ఒళ్ళంతా జలదరించింది. రెండేళ్ళుగా రెప్పవాల్చకుండా చూసిన అక్షరాల వైపు చూడలేక తల దించుకున్నాడు.

బయట డప్పులు ఆగిపోయాయి. ముసలాయన జరిగింది జరిగినట్టు చెప్పాడు. మందిరం పెద్ద యెకుతీయేల్ పుట్టి బుద్ధెరిగి ఒకరిని మెచ్చుకున్న పాపాన పోలేదు. అలాంటి ఆయనే అన్నాడు: “ఎవరికీ తెలియని తప్పునే దాచలేదంటే, నలభై ఏళ్ళుగా మనం చదువుతున్న ఈయన గ్రంథాల్లో లోపం లేదన్నమాట.”

ఆ మాటతో డప్పులు మళ్ళీ అందుకున్నాయి. ఊరేగించడానికి గ్రంథం లేదు. అయినా జనం జెరహ్యా వద్దు వద్దంటున్నా వినకుండా, పట్టు పందిరి కింద ఆయన్నే నడిపించుకుంటూ మందిరం దాకా తీసుకెళ్ళారు. అంత గొప్పగా ఏ గ్రంథమూ ఆ ఊళ్ళో ఊరేగలేదు.

మధ్యాహ్నం నఫ్తాలి గురువు దగ్గరికి పరుగెత్తాడు. “ఆయన మా నాన్న, గురువుగారూ!” అన్నాడు. గర్వంతో జరిగిందంతా చెప్పాడు. తానన్న మాటను కూడా దాచలేదు.

“మరి నీ అక్షరాలు? ఇవాళ కూడా ఎదుట నిలిచాయా?”

“నిలిచాయి. నేనే తలెత్తలేకపోయాను.”

అవిగ్దోర్ మొహం వెలిగిపోయింది. అది చూసినవాళ్ళు, కన్నకొడుకు ప్రయోజకుడయ్యాడని విన్న తండ్రిలా ఉన్నాడని చెప్పుకున్నారు.

“ఇంకా ఎంత పైకి ఎక్కాలని కదూ అడిగావు?” అన్నాడాయన. “ఇంటికి వెళ్ళు. బల్లను కిటికీ దగ్గరికి జరిపి, మీ నాన్నకు కొత్త ఈక చెక్కిపెట్టు.”