మాలకొండకు ఉద్ది

కాశీపతి మాస్టారిని ప్రశ్న అడగడం తేలికే, జవాబు రాబట్టడమే కష్టం. ఆయన గుండ్లకమ్మ ఒడ్డున ఇసుకలో కబడ్డీ నేర్పుతారు. ఎవరైనా వచ్చి "మాస్టారూ, ఒక సందేహం" అంటే చాలు, మైదానం వైపు చెయ్యి చూపించి, "ముందు ఆ పల్లేరుకాయలు ఏరు, తర్వాత అడుగుదువు" అంటారు. నడుం వంచి ముళ్ళు ఏరుతుంటే సగం సందేహాలు వాటంతటవే రాలిపోతాయి. ముళ్ళన్నీ అయిపోయాక కూడా మిగిలిందంటే అది అసలైన సందేహమని ఆయన లెక్క. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు గానీ, ఆయన శిష్యుల నడుములు మాత్రం అందుకు ఒప్పుకోవు.

ఆ ఆదివారం సాయంత్రం ముళ్ళు ఏరినవాడు మాలకొండ. వాడు మామూలు శిష్యుడు కాదు. టీవీలో వచ్చే పెద్ద లీగులో ఒక జట్టుకు ఎంపికైనవాడు. ఎంపికయ్యాడే గానీ కోర్టులోకి దిగింది లేదు. రెండేళ్ళుగా బెంచీ మీదే ఉన్నాడు. కారణం వేరే ఎవరో అయితే తిట్టుకుని ఊరుకునేవాడు. ఆ జట్టులో కూతకు వెళ్ళే మొదటి ఆటగాడు శౌరి ఉన్నంతవరకు వీడికి చోటు లేదు, ఆ శౌరీ ఈ ఊరివాడే, ఈ మాస్టారి శిష్యుడే. పోయిన వారం ఆటలో శౌరికి మోకాలు తిరిగింది. వచ్చే ఆట విశాఖపట్నంలో. "నువ్వు దిగుతావా? ఈ రాత్రి లోపు తేల్చి చెప్పు" అని కోచ్ మాలకొండను అడిగాడు. రెండేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. అది రాగానే వాడు ఎగిరి గంతెయ్యాలి. వాడేమో బస్సెక్కి ఊరికొచ్చి ముళ్ళు ఏరుతున్నాడు.

ఏరిన ముళ్ళు గట్టు అవతల పారేసి వచ్చి మాస్టారి ముందు నిలబడ్డాడు.

"మాస్టారూ, ఫోనులో ఒక ఆటుంది. ఫ్యాంటసీ అంటారు. జనం మా పేర్లు ఏరుకుని జట్లు కట్టుకుంటారు. మేం నిజంగా కూతకెళ్తే వాళ్ళకక్కడ పాయింట్లు పడతయ్యి. నూటికి ఎంతమంది కోరుకున్నారో ప్రతివాడి పేరు పక్కనా కనబడుద్ది. శౌరి పేరు పక్కన ఎనభై ఉంటది. నా పేరు పక్కన సున్నా. వాడి మోకాలు సంగతి పేపర్లో వచ్చింది, నేను దిగొచ్చని కూడా రాశారు. అయినా సున్నానే." అరచేతిలో మిగిలిన ముల్లొకటి పీకి పారేశాడు. "మా బావమరిది కూడా నన్ను తీసుకోలా."

ఆ చివరి మాట దగ్గరే అసలు ముల్లుంది. మాస్టారు నవ్వలేదు.

"ఒకాయన వీడియోలో చెప్పాడు, బెంచీ మీదవాణ్ణి తీసుకోవటమంటే బెంచీని తీసుకున్నట్టేనంట. అన్ని లక్షల మందికి కనబడంది నాలో ఏముందని దిగమంటారు? కోచ్‌కి నావల్ల కాదని చెబ్దామనుకుంటున్నా. మీరు చెప్పండి మాస్టారూ, ఆడనివాడి విలువ ఎట్టా కనుక్కోవాలి?"

ఈ కాలపు గురువైతే ఒక ఉపన్యాసం ఇచ్చి, దాన్ని ఎవరిచేతనైనా రికార్డు కూడా చేయించేవాడు. మాస్టారు మైదానం వైపు తిరిగి, "ఒరేయ్, ఉద్దులు కట్టండ్రా!" అని ఒక కేక పెట్టారు.

ఆదివారాలు అక్కడ చేరేది పాత శిష్యులే. ఆర్టీసీ కండక్టరు, గ్రానైటు మిల్లులో పనిచేసేవాళ్ళు, శనగల వ్యాపారి, అందరూ పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు. అయినా జట్లు పంచుకునే పద్ధతి మాత్రం చిన్ననాటిదే, మాస్టారు మార్చనివ్వలేదు. ఇద్దరు నాయకులు ఒకపక్క నిలబడతారు. మిగిలినవాళ్ళు ఎవరికి వాళ్ళు తమ సాటివాణ్ణి వెతుక్కుని, భుజాల మీద చేతులేసుకుని పక్కకు వెళ్ళి, చెరో దొంగపేరు పెట్టుకుంటారు. ఆ సాటివాడే ఉద్ది. తిరిగొచ్చి "ఇది కావాలా, అది కావాలా?" అని అడుగుతారు. నాయకుడు పేరు కోరుకుంటాడు, ఆ మనిషి వస్తాడు, రెండోవాడు అవతలి నాయకుడికి పోతాడు. ఎవరొచ్చినా నష్టం లేకుండా ఉండాలంటే ఉద్దులిద్దరూ సమానంగా ఉండాలి. తనకంటే పై వాడి పక్కన ఉద్దిగా నిలబడితే అది నాయకుణ్ణి మోసం చెయ్యడమే. ఆ ఊళ్ళో అప్పు ఎగ్గొట్టినవాణ్ణి క్షమిస్తారేమో గానీ దొంగ ఉద్ది కట్టినవాణ్ణి క్షమించరు.

"నువ్వూ పోరా," అన్నారు మాస్టారు.

మాలకొండ వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడ్డాడు. మిల్లువాళ్ళిద్దరూ ఒకటయ్యారు. శనగల వ్యాపారికి తోడు దొరికింది. కండక్టరు వెంగళరావు మాలకొండ వైపు అర అడుగు వేసి, తల గోక్కుని, వెనక్కి తిరిగి వేరేవాడి భుజం పట్టుకున్నాడు. ఆ అర అడుగు మాలకొండ చూశాడు. చూడకపోతే బాగుండుననుకున్నాడు. కాసేపటికి అందరూ జతలుగా ఉన్నారు, వాడొక్కడే మిగిలాడు.

వాడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "చూశారుగా మాస్టారూ. ఫోనులో సున్నా, ఇసకలోనూ సున్నానే. ఎక్కడికిపోయినా నేను ఆటలో అరటిపండునే."

మాస్టారు కండక్టరు వైపు తిరిగారు. "ఏరా వెంగళరావు, వాడి దగ్గరికి పోబోయి ఆగావేంది?" అని అడిగారు.

"భలేవారే మాస్టారూ! వాడికి నేను ఉద్దేంది? నన్ను కోరుకున్న నాయకుడు ఊరుకుంటాడా, గుండ్లకమ్మలో ముంచి తీయడూ!"

అందరూ నవ్వారు. అందులో వింతేమీ లేదన్నట్టు, అందరికీ తెలిసిన సంగతే మళ్ళీ విన్నట్టు నవ్వారు. మాలకొండ మాత్రం నవ్వలేదు. వాడు వెంగళరావు మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది. మోకాలికి కట్టుతో ఊరికి చేరి, ఆట చూడ్డానికి వచ్చి కూర్చున్న శౌరి లేచాడు. శౌరికి మొదటినుంచీ పొగరు ఎక్కువని పేరు. చిన్నప్పుడు కూడా తనకు తగ్గవాడు దొరక్కపోతే ఆట మానేసి ఇంటికి పోయేవాడు గానీ, తక్కువవాడి భుజం మీద చెయ్యి వేసిన పాపాన పోలేదు. వాడు కుంటుకుంటూ ఇసుకలోకి దిగుతుంటే నలుగురూ అరిచారు.

"ఏందిరా నువ్వు, కూర్చో! ఆ కాలితో ఆడతావా?"

"ఆడతానని ఎవుడన్నాడు? ఉద్ది కట్టటానికి కాలెందుకు, చెయ్యి చాలదూ?" అన్నాడు శౌరి.

వచ్చి మాలకొండ భుజం మీద చెయ్యి వేశాడు. మోకాలు నిలవనివ్వక ఒంటి బరువంతా ఆ భుజం మీదే మోపాడు. మాలకొండ కదలకుండా మోశాడు. ఇద్దరూ పక్కకు వెళ్ళి గుసగుసలాడుకుని తిరిగొచ్చారు.

"గోంగూర కావాలా, చింతకాయ కావాలా?"

"గోంగూర!" అన్నాడు మొదటి నాయకుడు. మాలకొండ వాడి పక్షాన చేరాడు. రెండో నాయకుడు ఆదెన్న సంబరంగా శౌరిని చెయ్యిపట్టి లాక్కుని, వాడు "అబ్బా" అన్నాక గానీ కాలి వైపు చూడలేదు. చూసి లబోదిబోమన్నాడు.

"మోసం మాస్టారూ! ఇద్దర్లో ఎవుడొచ్చినా నాకొకటేలే అనుకున్నా గానీ, ఈ కాలు సంగతే మర్చిపోయా!"

"ఉద్ది ఉద్దే. ఒకణ్ణి తగ్గించుకుని ఆడండి," అన్నారు మాస్టారు.

ఆట మొదలైంది. మాలకొండ మొదటి కూతకే వెంగళరావునీ, శనగల వ్యాపారినీ తాకి గీత దాటి వచ్చాడు. శౌరి గట్టు మీంచి, "ఎడం పక్క ఖాళీ వదలమాకరా!" అని అరుస్తూనే ఉన్నాడు. అరిచింది తన పక్షానికి కాదని ఆదెన్న మళ్ళీ గోల పెట్టాడు.

ఆట ముగిసి అందరూ ఒళ్ళు దులుపుకుంటుంటే కోచ్ ఫోను చేశాడు. మాలకొండ దూరంగా పోలేదు, మాస్టారి ముందే నిలబడి మాట్లాడాడు. "దిగుతా సార్," అన్నాడు. అవతలివాడు ఇంకేదో అడిగాడు. "అనుమానం లేదు సార్, దిగుతా," అన్నాడు మళ్ళీ. ఆ గొంతు విని శౌరి ఇటు చూసి, మళ్ళీ కట్టు సర్దుకోవడంలో పడ్డాడు.

ఫోను పెట్టేశాక అలవాటు కొద్దీ వాడి వేలు ఆ ఫ్యాంటసీ ఆట మీదికి పోయింది. మాస్టారు తొంగి చూశారు.

"అందులో ఎవుడికెవుడు ఉద్దో చూపిస్తారంట్రా?"

"లేదు మాస్టారూ. ఎవుణ్ణి ఎంతమంది కోరుకున్నారో, అంతవరకే."

"అట్టయితే మీ బావమరిదిని ఏమీ అనమాక," అన్నారు మాస్టారు. "వాడికి తెలిసే దారేది, పాపం. నీ భుజానికి తెలుసుగా."