గుట్ట మీది మెయిల్ పెట్టె

ఆశ్రమానికి వచ్చే ఈమెయిళ్లన్నీ తన ఒక్కడి కంప్యూటర్లోనే ఉండాలని ఇలియాస్ పట్టు.

నల్లమల అంచున ఒక గుట్ట మీద ఉండేది ఆ ఆశ్రమం. అక్కడి సూఫీ గురువు నూరుల్లా షా ఒక్క మాట చెబితే రక్తం ఇవ్వడానికి చుట్టుపక్కల ఊళ్లలో ఎందరో సిద్ధంగా ఉండేవారు. అరుదైన గ్రూపు కావాల్సి వస్తే ఆసుపత్రుల వాళ్లు ఆశ్రమానికి మెయిల్ పెట్టేవారు. దాతను వెతికి పంపే పని ఇలియాస్‌ది. కంప్యూటర్ ఉద్యోగం వదిలి గురువు దగ్గర చేరినవాడతను. కర్నూల్లో ఉండే వకుళ టీచరు అతనికి సాయం.

ఒక గురువారం వకుళ గుట్టెక్కి వచ్చి, గురువు ముందే అడిగేసింది.

"ఇలియాసన్నా, మెయిల్ పెట్టామని ఆసుపత్రి వాళ్లు నాకు ఫోన్ చేశారు. తెరిచి చూస్తే పెట్టె ఖాళీ. నీ ఫోన్ కలవలేదు. నేనేం చెప్పాలి వాళ్లకి?"

"ఖాళీగానే ఉంటుందమ్మా. పాప్ పద్ధతి పెట్టాను. వచ్చిన ఉత్తరం నా కంప్యూటర్లోకి దిగి, సర్వర్లో చెరిగిపోతుంది. ఇక్కడ సిగ్నల్ పోయినా చదువుకోవచ్చు. భద్రం."

"ఐమ్యాప్ పెట్టు. ఉత్తరం సర్వర్లోనే ఉంటుంది. ఎవరు ఎక్కణ్ణించి తెరిచినా అదే కనిపిస్తుంది. నువ్వు చదివావో లేదో నాకూ తెలుస్తుంది."

"అందరూ చూస్తారనుకుంటే ఎవరూ చూడరు. ఈ పని హజ్రత్ నాకు అప్పగించారు," అని ఇలియాస్ గురువు వైపు తిరిగాడు. "మీరే చెప్పండి హజ్రత్. ఏది మంచిది?"

గురువు లేచి వెళ్లి, వంట ముగిసిన వంటింటికి తాళం వేసి, తాళంచెవి ఇలియాస్ చేతిలో పెట్టాడు.

"నీ దగ్గరే ఉంచు బేటా. కింద ఊళ్లో కరీమాబీకి జ్వరమట. ఒకసారి చూసిరా."

కరీమాబీ మంచం పక్కన కూర్చుంటే మాటల్లో పొద్దు తెలియలేదు. ఇలియాస్ తిరిగి వచ్చేసరికి ఎండ వాలింది. వాకిట్లో భక్తులు ఖాళీ పళ్లేలు ముందు పెట్టుకుని వరసగా కూర్చుని ఉన్నారు. వంటింటి కిటికీలోంచి దాల్చా వాసన వస్తోంది. ఒక ముసలామె గోడకు చేరగిలబడి నిద్రపోయింది. వరస చివర గురువు కూడా పళ్లెంతో కూర్చున్నాడు.

"తాళంచెవి భద్రంగా ఉందా బేటా?"

ఇలియాస్ గబగబా వెళ్లి తలుపు తీశాడు. ముందుగా ముసలామెను లేపి వడ్డించాడు. తను మాత్రం అందరూ తిని లేచాకే తిన్నాడు.

సాయంత్రం వకుళ గుట్ట దిగేలోపే ఐమ్యాప్ పెట్టాడు. తన దగ్గరున్న పాత ఉత్తరాలన్నీ తిరిగి సర్వర్లోకి ఎక్కించాడు. సిగ్నల్ లేనప్పుడు చదువుకోవడానికి ఒక నకలు మాత్రం కంప్యూటర్లో ఉంచుకున్నాడు.

కొన్నాళ్లకు ఇలియాస్ పనిమీద ఘాట్ రోడ్డులో బస్సెక్కాడు. అడవి దాటేదాకా ఫోన్ మూగబోయింది. సిగ్నల్ రాగానే మెయిల్ తెరిచాడు. ఒక నిండు గర్భిణికి రక్తస్రావం ఆగడం లేదు, లక్షల్లో ఏ ఒక్కరికో ఉండే బాంబే గ్రూపు రక్తం కావాలి, వెంటనే కావాలి. ఉత్తరం వచ్చి చాలాసేపైంది.

అయితే అది ఎవరో అప్పటికే చదివిన ఉత్తరం. పంపినవాటిలో వకుళ జవాబు కనిపించింది: "దాత బయల్దేరాడు." వచ్చినవాటిలో ఆసుపత్రి నుంచి మరో ఉత్తరం: "తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్ల."

బస్సులో అందరూ తిరిగి చూసేలా ఇలియాస్ కేకేశాడు. పక్కన కూర్చున్న పెద్దాయన చేతులు పట్టుకుని ఊపేశాడు. తర్వాతి స్టాపులో దిగి, ఎదురొచ్చిన బస్సెక్కి వెనక్కి వచ్చాడు. గుట్టను పరుగున ఎక్కాడు.

"హజ్రత్! తల్లి బతికింది! పిల్ల బతికింది!"

"శభాష్! నువ్వేం చేశావు?"

"ఏమీ చెయ్యలేదు హజ్రత్! నాకు తెలిసేసరికే అంతా అయిపోయింది!" అన్నాడు ఇలియాస్, నవ్వూ ఏడుపూ కలిసిపోయి.

గురువు లేచి అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

"నువ్వు లేకుండా జరిగిన మంచికి ఇంత పొంగిపోతున్నావా? ఇక నీకు నేర్పడానికి నా దగ్గర ఏముంది బేటా!"