కన్నాల మూట

ఇది చాలా చిన్న కథ. తాంబూలం నమిలేలోగా అయిపోతుంది. ఒక తడిక ఉంది. తడిక తెలుసుగా, వెదురు బద్దలు అడ్డంగా నిలువుగా అల్లి మధ్యలో కన్నాలు వదులుతారు. మునసబుగారి వసారాకీ అలాంటిదే ఉంది, కాకపోతే టేకుది, జాలీ అంటారు. దాని వెనక కూర్చుంటే తనకి వీధి కనబడుతుంది గానీ వీధికి తను కనబడనని వాళ్ళావిడ నమ్మకం. దారిన పోయేవాళ్ళంతా "ఏమండీ, వంటయిందా" అని జాలీని పలకరించి మరీ పోతుంటారు. ఆవిడ సంగతి ఇప్పుడెందుకు? కథ ఆదెమ్మది.

ఆదెమ్మకీ, మొగుడు పోలయ్యకీ తమ తెలివి ఇంట్లో పట్టడం లేదని బెంగ. తెల్లారకముందే లేచి కోడిని లేపే ఇల్లు అది. ఆ తెలివిని ఒప్పుకోనివాడు ఆదెమ్మ అన్న సత్తెయ్య ఒక్కడే. "మీ పెరట్లో పొట్లకాయ కాసిన రోజున వచ్చి భోంచేస్తా. అందాకా నీ గడప తొక్కను పో" అని అలిగి కూర్చున్నాడు. పుట్టింటివైపు మిగిలింది ఆ అన్న ఒక్కడే. ఆదెమ్మకి ముద్ద దిగలేదు. అంతే, పొట్ల విత్తనం పెట్టింది. మొలకొచ్చింది.

తడికలల్లే గంగులు వచ్చి పాదు ముందు తడిక నిలబెట్టాడు. "తీగకి ఇదే నిచ్చెన, మేకకి ఇదే అడ్డు. బద్దలదేముందమ్మా, ఊరికే నిలబడతాయి. గాలి రానిచ్చేవి, వెలుతురు రానిచ్చేవి కన్నాలే. తడికలో పనంతా వాటిదే. తీగకి కాస్త దారి చూపించండి, అదే ఎక్కుతుంది" అని చెప్పి పోయాడు.

దారి చూపించమన్నాడుగా! పోలయ్య పంచె ఎగ్గట్టాడు. "ఇదిగో, కుడికాలు ఇక్కడ, ఎడంకాలు అక్కడ, కిందికి చూడకూడదు" అని తీగకి చెబుతూ తడిక ఎక్కాడు. ఇంకేముంది, బద్దలు ఫటఫటా విరిగాయి. పోలయ్య పేడకుప్పలో పడ్డాడు.

అయ్యో అనబోయి ఆదెమ్మ ఆగింది. "ఏమయ్యా, కన్నం ఎంత పెద్దదైందో చూశావా!"

"మరి ఎక్కిందెవరు?" అన్నాడు పోలయ్య పేడ తుడుచుకుంటూ.

"పని చేసేది కన్నమైతే, ఊరికే నిలబడే బద్దల్ని మనం భరించడం దేనికి?"

అంతే. బద్దలన్నీ పీకి పొయ్యిలో పెట్టారు. చుట్టూ ఉన్న చట్రాన్నీ పీకేశారు. ఇప్పుడు అంతా కన్నమే. సంబరంగా గంజి తాగి వచ్చి చూస్తే తడిక లేదు!

"ఇక్కడే కదే పెట్టాం?"

"ఎవరో ఎత్తుకుపోయారయ్యా!"

పొరుగింటి మంగాయమ్మ మేక వచ్చి పొట్ల ఆకు నములుతోంది. దాన్ని అడిగారు. అది నమిలింది గానీ చెప్పలేదు. దాని వెనకే వెళితే మంగాయమ్మ పెరట్లో తడిక, తడిక నిండా కన్నాలు.

"చూశావా ఆదీ, మన పెద్ద కన్నాన్ని ముక్కలు చేసి వాడుకుంటోంది!"

"నా తడిక నిరుటిది, అడగండి ఊళ్ళో" అంది మంగాయమ్మ.

"బద్దలు నీవేనమ్మా, కాదన్నామా? కన్నాలు మావి."

పొద్దు తిరిగినా ఇద్దరూ కదల్లేదు. మంగాయమ్మకి విసుగొచ్చింది. "తీసుకుపొండి తల్లీ! బద్ద మీద చెయ్యి పడిందో, ఊరుకోను."

ఇంకేముంది. ఆదెమ్మ గోనెసంచి పట్టింది. పోలయ్య ఒక్కో కన్నంలోంచి దోసిలి నింపి సంచిలో పోశాడు. మూతి బిగించి, ఒగుర్చుకుంటూ మోసుకొచ్చారు. మళ్ళీ ఎవరైనా ఎత్తుకుపోతే? ఆదెమ్మకి అదే భయం. పాదు ముందు రాటలు పాతి, సంచిని మధ్యలో వేలాడదీసి, కదలకుండా అడ్డంగా నిలువుగా తాళ్ళు బిగించారు. ఇంట్లో ఉన్న తాళ్ళన్నీ అయిపోతే బావి చేదతాడూ తెచ్చి కట్టారు.

తీగ తాళ్ళు పట్టుకుని పాకింది. మేక తల దూర్చి, చిక్కుకుని, పెనుగులాడి బయటపడి మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు. పొట్లకాయలు వేలాడాయి.

"మూటలో ఉండి కూడా ఎలా పనిచేస్తున్నాయో!" అని మొగుడూ పెళ్ళాం మురిసిపోయారు.

అన్న మాట తప్పలేదు. వచ్చాడు, కూర మారు వడ్డించుకున్నాడు. ఆదెమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. చెయ్యి కడుక్కుని సత్తెయ్య పాదు చుట్టూ తిరిగాడు, సంగతంతా విన్నాడు, సంచిని తట్టి చూశాడు.

"ఆదీ, మీరింత తెలివైనవాళ్ళని ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయానే. మా బీరపాదుకి ఈ మూట ఇవ్వవూ?"

"నీకన్నా ఎక్కువా అన్నా!" అని ఆదెమ్మ మూటని తాళ్ళలోంచి తప్పించి అన్న నెత్తికెత్తింది.

సంచి మూల ఎలక కొట్టి ఉంది. దారిపొడుగునా కన్నాలన్నీ కారిపోయాయి. ఇంటికెళ్ళి దులిపితే ఒక్కటీ రాలేదు. చెల్లెలు చిల్లు సంచి అంటగట్టిందని దాన్ని తిప్పి పంపి సత్తెయ్య మళ్ళీ అలిగాడు.

ఆదెమ్మా పోలయ్యా ఆ రోడ్డునే పట్టుకున్నారు. ఎక్కడ గుంట కనబడితే అక్కడ "ఇదిగో, ఇక్కడ పడింది" అని దోసిళ్ళతో ఎత్తి సంచిలో వేస్తున్నారు. సంచి అదే.