కాటుక నెమరు అయ్యేదాకా

ఆరుద్ర కార్తెలో గట్టివాన కురిసి మూడు రోజులైంది. దొడ్డిగుట్ట వాలంతా పచ్చబడింది. ఎర్ర మఖమలు గుడ్డ కత్తిరించి పారేసినట్టు ఆరుద్ర పురుగులు నేలంతా పాకుతున్నాయి.

ఆ వాలులో మేసే గేదె పేరు కాటుక. దాని పొట్ట కింద, నాలుగు కాళ్ల మధ్య, పూసమ్మ అనే కుంటి కుందేలు గడ్డి కొరుక్కుంటూ ఉంటుంది. ఉచ్చులో పడి కాలు పోగొట్టుకున్న దానికి కాటుక కొమ్ములే దిక్కు. అవి ఒక్క పూట ఏమరినా పూసమ్మ ప్రాణం గాలిలో దీపమే.

కాటుకకీ ఆ తోడు కావాలి. పోయినేడు దాని దూడ పోయింది. వానలు మొహం చాటేసిన రోజుల్లో ఒక మేకపోతు, "లేత జొన్న పిలకలు, రండి రండి" అని పిలిచింది. వాడిన జొన్న పిలక విషమని దూడకేం తెలుసు! తిని, గిలగిలా కొట్టుకుని కన్నుమూసింది. పిలిచిన మేకపోతు మాత్రం ఒక్క పిలక కొరకలేదు. ఆనాటి నుంచి గుట్ట మీద ఒక కట్టుబాటు: కొత్త మేత చూపించినవాడు, ఆ మేతే, ఆ చోటిదే, అందరికన్నా ముందు తినాలి.

ఆ పొద్దున కాటుక తన పాత పేడకుప్ప దగ్గర కాళ్లు కట్టేసినట్టు ఆగిపోయింది. నిన్నటిదాకా ఏమీ లేని చోట తేనెరంగు గొడుగులు గుంపుగా లేచి నిలబడ్డాయి. ఒక్కోదాని మెడలో సన్నని నల్లదారం లాంటి వలయం. మూతి తగిలి ఒక కాడ వంగింది. తగిలిన మేర తెల్లటి కాడ మెల్లమెల్లగా నీలమెక్కింది.

"అమ్మో! దీనికి దెబ్బ తగిలింది కాబోలు" అంది కాటుక.

"దానికి అలవాటే" అన్నాడు పేడపురుగు గుండయ్య, ఉండ దొర్లించడం ఆపి. "ముట్టుకుంటే నీలమవుతుంది. నీ బిడ్డే కదా, అంత భయమెందుకు?"

"నా బిడ్డా?"

"ఆ గొడుగు కింద చూడు. ఊదారంగు పొడి రాలుతుంది. గాలికి గడ్డి మీద పడుతుంది. ఆ గడ్డిని నువ్వు మేస్తావు. నీ కడుపులో నాలుగు గదులు దాటినా ఆ పొడి చావదు. పేడలో పడి తెల్లటి దారాలల్లుకుంటుంది. నేను ఉండలు చేసేటప్పుడు రోజూ చూస్తాను. వాన కోసం కాచుకుని, ఇదిగో, ఇలా లేస్తుంది."

కాటుకకి ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లుగా తను మేస్తున్నాననుకుంది. మోస్తున్నానని తెలియదు.

"తినొచ్చా తాతా?" అంది పూసమ్మ.

"వద్దు తల్లీ. తిన్నవాడికి చెట్లు ఊపిరి పీల్చినట్టు కనిపిస్తాయట. వాడి పేరు వాడికే గుర్తుండదట. పొద్దు వాలేదాకా ఒంటి మీద తెలివి ఉండదు."

అంతలో నక్క జంబులయ్య నోట టేకాకు కరుచుకుని వచ్చి కాటుక ముందు పెట్టాడు. ఆకులో గేదెకి సరిపడా గొడుగులు.

"కాటుక వదినా! పైలోకం నుంచి దిగొచ్చిన మేత ఇది. కట్టుబాటు నాకు తెలుసు, ముందు నేనే తింటాను" అంటూ పక్కనున్న చెదపుట్ట మీది తెల్ల గొడుగులు రెండు పీకి కరకర నమిలాడు. "చూశావుగా? ఇక నీ వంతు. ఇవి తింటే పోయినవాళ్లు కనిపిస్తారు వదినా. నా కళ్లారా చూశాను. నీ దూడ ఆ వాగు ఒడ్డున గంతులేస్తోంది."

కాటుక వాగు వైపు తల తిప్పింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి చూస్తే చాలు! మూతి ఆకు దాకా వంచింది. ఆకులోని కాడల మీద, నక్క పళ్లు దిగిన చోటల్లా నీలం.

పొట్ట కింద పూసమ్మ వణుకుతోంది. ఆ వణుకు కాటుక కాలికి తెలిసింది.

"జంబులయ్యా, నువ్వు తిన్నవి పుట్ట మీదివి. ఇవి పేడ మీదివి. ఆ మేతే తినాలి కదా."

"అన్నీ గొడుగులే వదినా!"

"అయితే తినడానికేం?" కాటుక కొమ్ములు కొంచెం వంచింది.

జంబులయ్య లెక్కలు వేసుకున్నాడు. మత్తెక్కేలోగా ఈ గేదె తింటుంది, పడుతుంది, కుందేలు రెండు అంగల దూరంలో ఉంది. ఇంకేం! ఆకులో సగం గబగబా మింగాడు. "ఊఁ, కానియ్ వదినా."

"నెమరు అవనీ" అంది కాటుక. మడుచుకు కూర్చుని, కళ్లు అరమూసి, దవడ అటూ ఇటూ ఆడించసాగింది.

"ఎంతసేపు?"

"నాలుగు కడుపులయ్యా. తొందరపడితే ఎలా?"

పొద్దు రెండు బారలెక్కింది. కాటుక నములుతూనే ఉంది. జంబులయ్య ఒకసారి ఆవులించాడు. మరోసారి ఆవులించాడు. కళ్లు ఇంతింత చేసుకుని గడ్డి వైపు చూశాడు.

"వదినా... గడ్డి ఊపిరి పీలుస్తోంది!"

పకపక నవ్వాడు. మరుక్షణం తన ముందుకాలు చూసుకుని, "ఇదెవరిది?" అని భయపడ్డాడు. ఎర్రపురుగు దారిలోంచి తోక తీసి పక్కన పెట్టుకున్నాడు. పూసమ్మ కళ్లలో కళ్లు పెట్టి చూసి భోరుమన్నాడు.

"నీ గుండె నాలో కొట్టుకుంటోందే పూసమ్మా! ఇంత వేగంగానా? రోజూ ఇంత భయంతోనా బతుకుతున్నావు?"

ఎవరూ నవ్వలేదు. పెద్దగుడిలో ఉన్నట్టు అందరూ కదలక ఉండిపోయారు. కాటుక నమలడం ఆపి లేచింది.

"జంబులయ్యా, నా దూడ కనిపించిందా?"

నక్క వాగు వైపు చూశాడు. "ఇప్పుడూ కనిపించలేదు, అప్పుడూ కనిపించలేదు. నిన్ను పడగొట్టి పూసమ్మను ఎత్తుకుపోదామని అబద్ధమాడాను" అన్నాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

కాటుక కళ్లు నిండాయి. కానీ కొమ్ము విసరలేదు. అబద్ధం తప్ప ఎరగని నోట నిజం పలికించింది తన పేడలో మొలిచిన గొడుగే.

పొద్దు వాలేసరికి జంబులయ్యకి తెలివొచ్చింది. తన నోటితో తనే చెప్పిన మాట గుట్టంతా తెలిసిపోయింది. తోక ముడిచి గుట్ట దిగిపోయాడు. కాటుక మిగిలిన గొడుగుల్ని తొక్కకుండా, వాటి చుట్టూ తిరిగి, పూసమ్మను వెంటబెట్టుకుని కదిలింది.

నీతి: స్వర్గం చూపిస్తానన్నవాడైనా సరే, నీకు పెట్టే ఆకులోంచి మొదటి ముద్ద తాను తిని, అది అరిగేదాకా నువ్వు నోరు తెరవకు.